వేళ్లతో డ్రమ్స్ వాయించదలచిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

హాస్టల్ గదిలో డ్రమ్‌సెట్ పెట్టుకునే వీలు లేదు కనుక ల్యాప్‌టాప్‌కు ప్యాడ్ కంట్రోలర్ (వేళ్లతో కొట్టే ప్యాడ్లున్న పెట్టె; శబ్దాన్ని కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఇస్తుంది) తగిలించుకొని వేళ్లతో వాయించడం నేర్చుకోవాలని ఉందనీ, ఏ ప్యాడ్ కొనాలో, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో చెప్పమనీ నీవు రాసిన ఉత్తరం అందింది. నీవు పంపిన జాబితాలో ఏ పరికరానికి ఎన్ని బటన్లు, ఎన్ని నాబ్‌లు, ఎన్ని రంగుల లైట్లు ఉన్నాయో వివరంగా ఉంది గానీ, మెల్లగా తాకితే ఏది ఎలా పలుకుతుందన్న మాట ఒక్కదాని పక్కనా లేదు. నా మటుకు నాకు ఎంపిక అంతా ఆ విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

నీవు మృదంగం కొంత నేర్చుకున్నావు కనుక ఇది త్వరగానే అర్థమవుతుంది. మంచి డ్రమ్మరు స్నేర్ (డ్రమ్‌సెట్‌లో చురుగ్గా పలికే డ్రమ్) మీద రెండు గట్టి దెబ్బల మధ్య వినీవినపడని చిన్న దెబ్బలు వేస్తాడు. వాటిని ఘోస్ట్ నోట్లు అంటారు. నడకకు ఊపు వచ్చేది వాటి వల్లనే. ప్యాడ్ మీద నీ వేలు పడ్డప్పుడు ఆ దెబ్బ బలాన్ని పరికరం 1 నుంచి 127 వరకు ఒక అంకెగా మార్చి కంప్యూటరుకు పంపుతుంది. దానినే వెలాసిటీ అంటారు. చౌక ప్యాడ్లలో చాలావాటికి మెల్లని దెబ్బ అసలు వినపడదు, వినపడితే ఒక్కసారిగా 50కో 60కో దూకుతుంది. అటువంటి ప్యాడ్ మీద ఎంత సాధన చేసినా వాయిద్యం చదునుగా ఉంటుంది, వేళ్లేమో అనవసరంగా బలంగా కొట్టడానికి అలవాటు పడతాయి. ఆ అలవాటును మాన్పించడం కష్టం.

నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున 16 ప్యాడ్లు ఉండే అమరిక, రోజర్ లిన్ రూపకల్పనలో అకాయ్ సంస్థ 1988లో విడుదల చేసిన ఎంపీసీ60 అనే డ్రమ్ యంత్రం నుంచి స్థిరపడింది. నీవు కూడా 16 ప్యాడ్లు ఉన్నదే తీసుకో. అకాయ్ ఎల్‌పీడీ8 వంటి ఎనిమిది ప్యాడ్ల పెట్టెలు, చిన్న కీబోర్డుల మూలన ఎనిమిదేసి ప్యాడ్లు అతికించినవి పాట కట్టేవారికి పనికొస్తాయి గానీ, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్, హై-హ్యాట్‌లకు (తెరుచుకొని మూసుకునే తాళాల జత) రెండేసి ప్యాడ్లు కేటాయించి, టామ్‌లకూ క్రాష్‌కూ రైడ్‌కూ (ఇవి మిగతా డ్రమ్ములు, పెద్ద తాళాలు) చోటు చూడవలసిన నీకు అవి చాలవు. నీ జాబితాలో ఉన్న నోవేషన్ లాంచ్‌ప్యాడ్ మినీకి 64 ప్యాడ్లు ఉన్న మాట నిజమే. అయితే దానికి దెబ్బ బలం తెలియదు, ఎలా తాకినా ఒకే స్థాయిలో పలుకుతుంది. లూపులు (తిరిగి తిరిగి మోగే శబ్దపు ముక్కలు) మొదలుపెట్టి ఆపడానికి చేసిన పరికరం అది. అదే సంస్థ లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌కు బలం తెలుస్తుంది కానీ, చిన్న చిన్న ప్యాడ్లు ఇరుగ్గా ఉండటం వల్ల నీ పెద్ద వేళ్లకు అది కుదరదనుకుంటాను.

ఇక మిగిలేవి రెండు. అకాయ్ ఎంపీడీ218 తక్కువ ధరలో దొరికే గట్టి పరికరం. యూఎస్‌బీ తీగతోనే విద్యుత్తు తీసుకుంటుంది, మూడు బ్యాంకులుగా (అవే 16 ప్యాడ్లకు మూడు విడతల శబ్దాలు) 48 శబ్దాల వరకు చేతికి ఇస్తుంది. ప్యాడ్లు మందంగా ఉండి మొదట్లో కాస్త బలం కోరతాయి. నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి మషీన్ మైక్రో ఎంకే3 ధర ఎక్కువ; అయితే దాని ప్యాడ్లు వెడల్పుగా, మెల్లని స్పర్శకు చక్కగా స్పందించేలా ఉంటాయి, సొంత సాఫ్ట్‌వేర్ కూడా వెంట వస్తుంది. డబ్బు సరిపోతే రెండోది తీసుకో. సరిపోకపోతే అప్పు చేయవద్దు, మొదటిదానితో మొదలుపెట్టు. ఎంపీడీలో ఫుల్ లెవెల్ అనే బటన్ ఉంటుంది; అది నొక్కితే ప్రతి దెబ్బా 127 అయిపోతుంది. నోట్ రిపీట్ అనేది వేలు నొక్కి ఉంచితే దానంతటదే వరుసగా కొడుతూ పోతుంది. నేర్చుకునే కాలంలో ఈ రెండింటి జోలికీ పోవద్దు.

దుకాణంలో నీకు ఆక్టోప్యాడ్, ఎస్‌పీడీ వంటివి కూడా చూపిస్తారు. మన ఊళ్లలో ప్యాడ్ అంటే ముందుగా గుర్తొచ్చేవి అవే, ఆర్కెస్ట్రాలలో నేను ఏళ్ల తరబడి వాయించినవీ అవే. అవి కర్రలతో కొట్టడానికి చేసినవి, శబ్దాలు వాటిలోనే ఉంటాయి. నీవు అడిగిన పని వేరు.

మృదంగం నుంచి వచ్చేవారికి ఒక ఆశాభంగం తప్పదు, దాన్ని ముందే చెప్పడం మంచిది. వలంతల (మృదంగం కుడివైపు ముఖం) మీద వేలు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి నీకు వేరువేరు నాదాలు వస్తాయి, తొప్పి (ఎడమవైపు ముఖం) మీద అరచేతిని నొక్కి జరిపితే గుమ్కి అనే జారే నాదం పలుకుతుంది. ఈ ప్యాడ్లకు మాత్రం ఎప్పుడు కొట్టావో, ఎంత బలంగా కొట్టావో తెలుస్తుంది గానీ, ప్యాడ్‌లో ఏ చోట కొట్టావో తెలియదు. కనుక ఒక్కొక్క నాదానికి ఒక్కొక్క ప్యాడ్ ఇవ్వవలసిందే. ఈ పరిమితిని ఒప్పుకొన్నాక నీ వేళ్ల స్వతంత్రత, కాలప్రమాణం, ‘తకధిమి తకజణు’ను మూడు కాలాల్లో పలికించిన సాధన అన్నీ ఇక్కడ పనికొస్తాయి.

సాఫ్ట్‌వేర్ విషయంలో తొందరపడి డబ్బు పెట్టకు. ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2 ఉచితం. అసలైన డ్రమ్‌సెట్ శబ్దం ఇస్తుంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5.5కు కూడా ఉచిత కూర్పు ఉంది. కొనే రోజు వస్తే ఈజీడ్రమ్మర్ 3, అడిక్టివ్ డ్రమ్స్ 2 రెండూ నమ్మదగినవి. సుపీరియర్ డ్రమ్మర్ 3 గొప్పదే, కానీ దాని శబ్దాల మొత్తం 230 జీబీ పైచిలుకు; నీ ల్యాప్‌టాప్‌లో అంత చోటు ఎక్కడుంది? ఏది చూసినా కిట్ల సంఖ్య లెక్కపెట్టకుండా, ఒకే స్నేర్‌ను ఎన్ని బలాల్లో రికార్డు చేశారో, ఒకే బలంతో వరుసగా కొట్టినప్పుడు శబ్దం కొద్దికొద్దిగా మారుతోందో లేదో విను. మారకపోతే వేగంగా కొట్టినప్పుడు మిషన్ గన్ పేలినట్టు వినిపిస్తుంది. డప్పు, డోలు వంటి మన శబ్దాలు కావాలంటే సిటాలా అనే 16 ప్యాడ్ల చిన్న సాంప్లర్ (రికార్డు చేసిన శబ్దాలను ప్యాడ్లకు కట్టే సాఫ్ట్‌వేర్) ఉంది, దాని తొలి వెర్షన్ ఉచితం. తెలిసిన డప్పు కళాకారుడి దగ్గరకు వెళ్లి, అనుమతి అడిగి, సన్నటి చిటికెన పుల్ల దెబ్బలనూ లావుపాటి సిర్రె దెబ్బలనూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి విడివిడిగా రికార్డు చేసుకొని అందులో వేసుకో.

వేలు పడ్డాక శబ్దం ఆలస్యంగా వస్తే ఎంత మంచి ప్యాడైనా పనికిరాదు. సెకనుకు 44,100 సాంపుల్స్ (శబ్దపు కొలతలు) చొప్పున నడిచే సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ను (శబ్దాన్ని పంపేముందు పోగుచేసుకునే సాంపుల్స్ సంఖ్యను) 512గా పెడితే ఆ ఒక్కచోటే దాదాపు 12 మిల్లీసెకన్లు పోతాయి; గాలిలో శబ్దం నాలుగు మీటర్లు ప్రయాణించే కాలం అది. 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లకు వస్తుంది. విండోస్ అయితే తప్పనిసరిగా ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వాడు. శబ్దం తునకలు తునకలుగా వస్తే బఫర్‌ను 256కు పెంచు, అప్పటికీ కుదరకపోతే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దం కోసం బయట తగిలించే పెట్టె) కొనుక్కో. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లను ఈ పనికి దగ్గరకు రానీయకు, వాటి ఆలస్యాన్ని ఏ సెట్టింగూ సరిచేయదు. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు చాలు, పక్క మంచం వాడికి నిద్రాభంగం కూడా ఉండదు.

ప్యాడ్లకు శబ్దాలు కేటాయించేటప్పుడు జనరల్ మిడి క్రమం (ఏ శబ్దానికి ఏ అంకె అని చెప్పే ఉమ్మడి పట్టిక) తెలిసి ఉండాలి: కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచినది 46, క్రాష్ 49, రైడ్ 51. చాలా పరికరాలు కింది వరుస ఎడమ మూల నుంచి 36తో మొదలుపెట్టి వరుసగా అంకెలు వేసుకుపోతాయి. ఆ వరుస వేళ్ల సౌకర్యం చూసి చేసినది కాదు కనుక దాన్ని మార్చుకోవడానికి జంకవద్దు. తొప్పి వాయించిన ఎడమచేతికి కిక్ ఇవ్వు. స్నేర్‌ను మధ్యలో పక్కపక్కన రెండు ప్యాడ్లకు, హై-హ్యాట్‌ను కుడివైపు రెండు ప్యాడ్లకు ఇచ్చుకుంటే, వేగం పెరిగినప్పుడు ఒకే వేలును హింసించకుండా రెండు వేళ్లూ మార్చి మార్చి వాడవచ్చు. మూసిన హ్యాట్ కొట్టగానే తెరిచిన హ్యాట్ శబ్దం ఆగిపోయేలా రెండింటినీ ఒకే చోక్ గ్రూపులో పెట్టు. ఒకసారి అమర్చుకున్నాక నెలల తరబడి దాన్ని కదిలించకు. రికార్డు చేసినదాన్ని క్వాంటైజ్ చేసి (దెబ్బలను కంప్యూటరు చేత సరిగ్గా తాళంలోకి జరిపించి) వినడం కూడా ఇప్పట్లో వద్దు, నీ కాలం ఎక్కడ జారుతోందో నీ చెవికే తెలియకుండా పోతుంది.

పెట్టె ఇంటికి వచ్చిన రోజే, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే, సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ అంకెలు కనిపించేలా పెట్టుకొని 16 ప్యాడ్లనూ ఒక్కొక్కటిగా పరీక్షించు. వేలిని తన బరువుతోనే పడనిస్తే చిన్న అంకె రావాలి, మధ్యలోనూ అంచులోనూ కొట్టినప్పుడు మరీ తేడా ఉండకూడదు, ఒక దెబ్బకు రెండు శబ్దాలు రాకూడదు, ఒకదాన్ని గట్టిగా కొడితే పక్కది పలకకూడదు. పక్కది పలుకుతుంటే సెట్టింగుల్లో థ్రెషోల్డ్ (ప్యాడ్ పలకడానికి కావలసిన కనీస బలం) పెంచమని దుకాణంవాడు అంటాడు. పెంచితే ఆ జబ్బు తగ్గుతుంది గానీ మెల్లని దెబ్బలన్నీ దానితోపాటే పోతాయి. కనుక అలాంటి ప్యాడ్ ఒక్కటున్నా మొహమాటపడకుండా మార్చి ఇమ్మని అడుగు.

ఇట్లు,
మామయ్య