పాడ్‌కాస్ట్ క్లిప్‌లు చేయడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రీల్స్ బాగానే ఎడిట్ చేస్తాను. పాడ్‌కాస్టుల నుంచి, వక్తల ప్రసంగాల నుంచి చిన్న హైలైట్ వీడియోలు చేసిపెట్టేవాళ్లకు గిరాకీ ఉందని విన్నాను. ఏఐ టూల్స్ ఒక్క క్లిక్‌తో క్లిప్‌లు తీసేస్తున్నాయి కదా, ఈ పనిని నమ్ముకోవచ్చా? ఏమేం నేర్చుకోవాలి?

జవాబు: నమ్ముకోవచ్చు. అయితే ఎడిటింగ్ వచ్చినంత మాత్రాన సరిపోదు. గంట సంభాషణలో ఏ 40 సెకన్లు బయటికి తీయాలో తెలిసినవాళ్లనే క్లయింట్లు మళ్లీ పిలుస్తారు. ఏఐ తడబడేదీ అక్కడే. అతిథి రెండు నిమిషాల ముందు చెప్పినదాని మీద వేసిన జోకును అది విడిగా కోసి పెడుతుంది. ఘాటైన వాక్యం దగ్గర ఆపేసి, ఆ వెంటనే వచ్చే ‘కానీ...’ని వదిలేస్తుంది. ఏఐని ట్రాన్‌స్క్రిప్ట్‌కూ (మాటలను అక్షరాల్లోకి మార్చడానికి), మొదటి వడపోతకూ వాడుకోండి. నిర్ణయం మాత్రం మీరే తీసుకోవాలి.

ముందు ఎపిసోడ్ మొత్తం వినండి. గంట నిడివికి పది పన్నెండు చోట్ల టైమ్‌కోడ్ (ఏ నిమిషం, ఏ సెకను) రాసుకుని, మర్నాడు మళ్లీ చూసి నాలుగైదు ఉంచుకోండి. ఎపిసోడ్ చూడనివాడికి కూడా అర్థమవుతుందా అన్నదే పరీక్ష. ‘అందుకే ఆయన అలా చేశాడు’ అని మొదలయ్యే క్లిప్ ఎంత బాగున్నా పనికిరాదు. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి అసలు విషయం తేలేసరికే ఐదారు సెకన్లు గడుస్తాయి, ఈలోగా చూసేవాడు పైకి తోసేస్తాడు. యాంకర్ అడిగిన ప్రశ్నను నాలుగైదు మాటలకు కుదించి మొదటి ఫ్రేమ్‌లోనే తెర మీద వేయడం దీనికి మందు.

ఫుటేజ్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. అడ్డంగా తీసిన ఫుల్ హెచ్‌డీ వీడియోను రీల్స్‌కు కావలసిన నిలువు ఆకారానికి (9:16) క్రాప్ చేస్తే మిగిలే వెడల్పు సుమారు 608 పిక్సెళ్లే. దాన్ని 1080కి సాగదీస్తే ముఖం మసకబారుతుంది. అదే 4కేలో తీస్తే 1215 పిక్సెళ్లు దక్కుతాయి. అందుకే షూటింగ్‌కు ముందే 4కే అడగండి, ఒక్కొక్కరికీ విడి కెమెరా పెట్టమనండి. ఇద్దరినీ కలిపి తీసిన వైడ్ షాట్ నిలువు తెరలో ఇమడదు. ఫోన్లో, వీడియో కాల్‌లో రికార్డు చేసిన ఫైళ్లలో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) తరచూ నిలకడగా ఉండదు, దాంతో పోనుపోను పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వేయకముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి. మాట కత్తిరించిన ప్రతిచోటా రెండు మూడు ఫ్రేముల ఆడియో క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతూ మరొకటి పెరగడం) వేస్తే టక్ మనే శబ్దం పోతుంది. లౌడ్‌నెస్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి.

సౌండ్ ఆపి చూసేవాళ్లు ఎందరో, కాబట్టి క్యాప్షన్లు తప్పనిసరి. ఒకసారికి రెండు లైన్లు దాటొద్దు. తెర అడుగు భాగాన్నీ కుడి అంచునూ యాప్ బటన్లు, వివరణ కప్పేస్తాయి, అక్కడ అక్షరాలు పెట్టకండి. ఆటోమేటిక్ తెలుగు క్యాప్షన్లలో పేర్లు, ఇంగ్లిష్ మాటలు తరచూ తప్పుపడతాయి, ప్రతి అక్షరం చదవాల్సిందే. అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ఒత్తులు విడిపోయి కనిపిస్తుంటే, గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కి మార్చండి.

యూట్యూబ్ 2024 అక్టోబర్ నుంచి షార్ట్స్‌కు 3 నిమిషాల దాకా అనుమతిస్తోంది. ఇన్‌స్టాగ్రామ్ 2025 జనవరిలో రీల్స్‌కు అదే నిడివి ఇచ్చింది. అవకాశం ఉంది కదా అని సాగదీయకండి, చాలా మాటలకు 30 నుంచి 60 సెకన్లు చాలు. ఇంతకన్నా ముఖ్యమైనది లింకు. 2023 ఆగస్టు నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కినా తెరుచుకోవు. ‘రిలేటెడ్ వీడియో’ దగ్గర పూర్తి ఎపిసోడ్‌ను జత చేయాలి. ఇది మరిచిపోతే క్లిప్ లక్షల మంది చూసినా ఎపిసోడ్ ఉన్నచోటే ఉంటుంది, క్లయింట్‌కు మీ మీద గురి పోతుంది.

వక్తల రీల్ వేరే వ్యవహారం. దాన్ని చూసేది జనం కాదు, కార్యక్రమానికి ఎవరిని పిలవాలా అని వెతికే నిర్వాహకులు. రెండు మూడు నిమిషాలుండాలి. వక్త పేరు, ఏ అంశం మీద మాట్లాడతారన్నది మొదటి పది సెకన్లలో తెలియాలి. మధ్యలో కనీసం ఒక నిమిషం కోత లేని ప్రసంగం ఉంచండి. అన్నీ ముక్కలే అయితే ఈయన ఏకధాటిగా మాట్లాడగలడా అన్న అనుమానం వస్తుంది. మొదటి నుంచి చివరిదాకా మ్యూజిక్ వాయించినా అంతే, ఏదో దాస్తున్నట్టుంటుంది. ఇంకో మాట: సౌండ్ మిక్సర్ నుంచి తీసుకున్న ఆడియోలో వక్త గొంతు తప్ప హాల్లో నవ్వులు, చప్పట్లు దాదాపు వినిపించవు. అప్పుడు మంచి చమత్కారం కూడా చప్పగా పడిపోయినట్టు ఉంటుంది. హాల్లో మరో రికార్డర్ పెట్టించి ఆ శబ్దాన్ని సన్నగా కలపండి. కార్యక్రమం అయ్యాక గుర్తొస్తే చేసేదేమీ లేదు.

‘కొందరు ఇలా అంటుంటారు’ అన్న మాట కోసేసి, తర్వాతి వాక్యాన్ని అతిథి సొంత అభిప్రాయంగా చూపించే క్లిప్‌లు బాగా పాకుతాయి. అలాంటి ఒక్కటి చాలు, ఆ అతిథి ఇక ఆ షోకు రాడు. అనుమానం ఉన్నచోట విడుదలకు ముందే ఆయనకు పంపండి. ట్రెండింగ్ పాటల జోలికీ పోవద్దు. వ్యక్తిగత ఖాతాలో వాడుకోవడానికి దొరికే పాటకు వ్యాపార ప్రచారంలో హక్కు ఉండకపోవచ్చు. లైసెన్సున్న సంగీతమే వాడండి.

ఒప్పందం రాతలో ఉండాలి: ఎపిసోడ్‌కు ఎన్ని క్లిప్‌లు, ఎన్ని రోజుల్లో, ఎన్నిసార్లు మార్పులు, ప్రాజెక్ట్ ఫైళ్లు ఎవరివి. మార్పులు రెండుసార్లకు మించితే అదనపు రుసుమని ముందే చెప్పండి. ‘ఒక్క చిన్న మార్పు’కు అంతుండదు. క్లిప్‌కింత అని కాకుండా ఎపిసోడ్‌కింత అని ధర చెప్పడం మేలు, ఎందుకంటే మీ సమయంలో ఎక్కువ భాగం వినడానికే పోతుంది.

డిగ్రీ ఆపకండి, ఈ పని చదువుతో పాటు సాగుతుంది. పేరు లేని మూడు చిన్న పాడ్‌కాస్టుల వాళ్లను అనుమతి అడిగి, ఒక్కోదానికి రెండు క్లిప్‌లు చేయండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ దీనికి సరిపోతుంది. ప్రతి క్లిప్ కింద ‘ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాను’ అని రెండు వాక్యాలు రాయండి. ఎఫెక్టులతో నింపిన పోర్ట్‌ఫోలియోలు క్లయింట్ల దగ్గర బోలెడుంటాయి, కారణం రాసినవి అరుదు. రెండు మూడేళ్లు నిలిస్తే షో ప్రొడ్యూసర్‌గానో, సంస్థల కమ్యూనికేషన్ విభాగంలోనో అవకాశాలు వెతుక్కోవచ్చు. అక్కడ అడిగేది ఎన్ని వ్యూస్ తెచ్చావని మాత్రమే కాదు, క్లిప్ చూసి ఎపిసోడ్‌కు ఎందరు వచ్చారని. కాబట్టి మొదటి క్లయింట్ నుంచే ఆ అంకె అడిగి రాసిపెట్టుకోండి.