పదకొండు ‘తోసిపుచ్చలేం’లు

మలక్‌పేట, హైదరాబాద్, 2025

చిరంజీవికి,

నువ్వు పంపిన గుర్రప్పందేల ప్రివ్యూ, అదే, రేసులకు ముందు రాసే అంచనా, రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో ఎర్ర పెన్సిల్ పట్టుకుని మరీ చదివాను. ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో గోల్డ్ కప్ పరుగెత్తే శుక్రవారం, ఏడు రేసులు, ఏడు పేరాలు. ఆ ఏడు పేరాల్లో ‘గెలుపు అవకాశాలను తోసిపుచ్చలేం’ అన్న మాట పదకొండు సార్లు రాశావు. కౌంటీ హర్డిల్ ఒక్కదానికే నాలుగు. పాతిక దాకా గుర్రాలు దిగే హ్యాండికాప్ అది, అంటే సత్తాను బట్టి ఒక్కో గుర్రానికి ఒక్కో బరువు కట్టే రేసు, కష్టమే, కాదనను. కానీ నాలుగింటిని తోసిపుచ్చలేనివాడివి మిగతావాటిని దేన్ని చూసి తోసిపుచ్చావో ఒక్క ముక్కయినా రాయాలి కదా.

వెంటనే జవాబు రాస్తే నోరు జారుతానని ఆగాను. ఈలోగా గోల్డ్ కప్ అయిపోయింది. మార్చి 14 రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే మీకు సాయంత్రం నాలుగింటికి, నా మనవడు ఫోన్‌లో పెట్టిస్తే చూశాను. గాలోపిన్ డె షాంప్ అనే గుర్రం ఆ కప్పును 2023లోనూ 2024లోనూ గెలిచింది. వరసగా మూడోది కూడా కొడితే, అలా మూడు కొట్టిన ఆర్కిల్, బెస్ట్ మేట్ సరసన చేరుతుందని నువ్వు అర పేజీ చరిత్ర రాశావు. పరిగెత్తే గుర్రానికి ఆ చరిత్ర తెలియదు నాయనా. ఇనోదవేయార్‌థింకిన్ వచ్చి ఆరు లెంగ్తుల (ఆరు గుర్రాల పొడవు) తేడాతో కప్పు పట్టుకుపోయింది. ‘నీ మనసులో ఏముందో నాకు తెలుసు’ అని ఆ పేరుకు అర్థం. నీ వ్యాసంలో దానికి దక్కింది ఒక్క వాక్యం. అదేమిటో నీకు గుర్తుండే ఉంటుంది: ‘దీన్ని కూడా తోసిపుచ్చలేం.’

నిజం చెప్పాలంటే నేను కూడా గాలోపిన్ అనే అనుకున్నాను. రూపాయి పెడితే అరవై పైసలు లాభం వచ్చే ధర దానిది, లోకమంతా దాని వెనకే ఉంది. అందుకని గెలిచే గుర్రాన్ని పట్టుకోలేదని నిన్ను తిట్టను. కారణం నీ కళ్లముందే ఉన్నా రాయలేదు, నా కోపం దానికే. అంతకుముందు ఏడాది అదే చెల్టెన్‌హామ్ రేసుల పండగలో, అదే న్యూ కోర్సు మీద, దాదాపు అంతే దూరం ఉన్న కిమ్ మ్యూర్ రేసును ఆ గుర్రం అలవోకగా గెలిచింది. ఫిబ్రవరిలో ఐర్లండ్‌లోని లెపర్డ్‌స్టౌన్‌లో గాలోపిన్ చేతిలో ఓడిన మాట నిజమే. కానీ అది మూడు మైళ్లు. గోల్డ్ కప్ మూడు మైళ్ల రెండు ఫర్లాంగులకు పైన, 22 కంచెలు, చివర్లో ఆ ఎత్తు. పైగా దాని పేరు మొదటి ఎంట్రీల్లో లేదు. తర్వాత 25,000 పౌండ్లు కట్టి చేర్పించారు. ఊరికే సరదాకి ఎవరూ అంత డబ్బు కట్టరు. ఈ మూడు సంగతులు మూడు వాక్యాల్లో రాసి, ‘అందుకే నా ఓటు దీనికి’ అని ఉంటే? రూపాయికి ఏడున్నర ధర సంగతి సరే, ఓడినా నీ రాతకు విలువ ఉండేది.

రేసుకు ఒక పేరు, ఆ పేరుకు ఒక కారణం. నలభై ఏళ్లుగా నేను చెప్పేది ఇదొక్కటే, విన్నవాళ్లు తక్కువ. ఈ మాట నాకు ఎక్కడ తగిలిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

అప్పట్లో ఒక దినపత్రికలో మలక్‌పేట రేసుల పేజీ రాసేవాణ్ణి. మా ఎడిటర్ నియమం ఏమిటంటే రేసుకు నాలుగు పేర్లు ఇవ్వాలి. నాలుగిస్తే ఏదో ఒకటి తగులుతుంది, మర్నాడు ‘మా పత్రిక చెప్పిన గుర్రమే గెలిచింది’ అని బాక్సు కట్టి వేసుకోవచ్చు. వేశాం కూడా, వారం వారం. ఒక ఆదివారం రేసులయ్యాక గేటు బయట టీ తాగుతుంటే ఆ టీ బండివాడు నా పేజీ తీసి చూపించాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడత మడతకీ టీ మరక. ఐదో రేసులో నేను రాసిన నాలుగు పేర్ల చుట్టూ బాల్‌పెన్నుతో నాలుగు సున్నాలు చుట్టి ఉన్నాయి. ‘సార్, నా దగ్గరున్నది ఒక్క పది నోటు. ఈ నాలుగింటిలో మీరైతే దేని మీద పెడతారు?’ అన్నాడు. దేని మీదా పెట్టలేదు నేను. ఆ మాట అతనితో అనలేక టీ డబ్బులిచ్చి వచ్చేశాను.

సోమవారం ఎడిటర్ గదికి వెళ్లి, ఇక మీదట ఒకే పేరు ఇస్తానన్నాను. ఆయన నవ్వి, నన్ను ఎనిమిది నెలలు మార్కెట్ ధరల కాలమ్‌లో పడేశాడు. బెల్లం, చింతపండు, గుంటూరు మిర్చి. ఒకందుకు మేలే అయింది. మిర్చి క్వింటాల్ ధర ఇంత ఉండవచ్చు, అంత ఉన్నా తోసిపుచ్చలేం అని రాస్తే రైతు ఊరుకుంటాడా? ఇప్పుడు ఆ ఎడిటర్ లేడు గానీ ఆయన నియమం మాత్రం దివ్యంగా బతికే ఉంది. ఇవాళ సగం ప్రివ్యూలు నాలుగు పేర్ల మీదే నడుస్తున్నాయి. మిగతా సగం ‘గత పదేళ్లలో ఎనిమిదిసార్లు’ అని మొదలవుతాయి. ఆ పదేళ్లలో గుర్రాలు వేరు, వాన వేరు, జాకీలు వేరు. ఆ లెక్క ఎవరికి పనికొస్తుందో వాళ్లకే తెలియాలి.

గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆటే, జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పేపరు పట్టుకెళ్లి గర్వంగా మా మామగారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, ‘అంత నైపుణ్యం ఉంటే స్కూటరు ఎందుకు అమ్మావు?’ అన్నారు. దానికి నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు.

ఇక నీ కాగితంలో మిగతా ఎర్ర గీతలు. నేల తీరు చెప్పే ‘గుడ్ టు సాఫ్ట్’ను నువ్వు ‘మంచి నుంచి మెత్తని’ అన్నావు. మంచి నుంచి మెత్తని ఏమిటి, ఇడ్లీయా? మీ నాన్నగారు వ్యవసాయం చేసేవారని రాశావు కదా, ఆయనకు ఫోన్ చేసి అడుగు. నేల అదునులో ఉంది, కాలు కొంచెం దిగుతోంది అంటారు. ‘హెవీ’ అంటే గిట్ట మునిగే బురద, అడుగు తీసేటప్పుడు నేల పట్టి లాగుతుంది. మన మలక్‌పేటలో కంచెలు లేవు, అంతా చదును మీద పరుగే, దూరాలూ తక్కువ. అక్కడ మూడు మైళ్లు బరువు మోస్తూ, దూకుతూ, బురదలో పరిగెత్తాలి. అంచేత జంప్ రేసు ప్రివ్యూలో మొదటి వాక్యం గుర్రం మీద ఉండకూడదు, నేల మీద ఉండాలి. నీ వ్యాసంలో నేల ఏడో పేరాలో వచ్చింది, అదీ ఇడ్లీ రూపంలో.

రెండోది. కెంప్టన్‌లో కింగ్ జార్జ్ రేసు గెలిచింది కాబట్టి బాన్‌బ్రిడ్జ్‌కు ఇక్కడ తిరుగులేదన్నావు. కెంప్టన్ కుడివైపు తిరిగే కోర్సు, చదునైనది. చెల్టెన్‌హామ్ ఎడమవైపు తిరుగుతుంది, చివర్లో ఎత్తు ఎక్కాలి. డెజర్ట్ ఆర్చిడ్ కింగ్ జార్జ్‌ను నాలుగుసార్లు గెలిచిన గుర్రం. ఎడమ తిరుగుడు దానికి గిట్టేది కాదు. 1989లో ఆ బురదలో గోల్డ్ కప్ గెలిచినప్పుడు జనం అంతగా ఊగిపోయింది కూడా అందుకే. అది నెగ్గింది గోల్డ్ కప్ ఒక్కటే కాదు, తన కుడి వాటాన్ని కూడా.

మూడోది నాకు నిజంగా ఒళ్లు మండించింది. ఫామ్ వరసలో, అంటే గుర్రం పేరు పక్కన పాత రేసుల ఫలితాలు చూపే వరసలో, ఉన్న అక్షరాలన్నిటినీ నువ్వు ‘పడిపోయింది’ అని ఒకే గాట కట్టేశావు. ఎఫ్ అంటే గుర్రం పడింది. యు అంటే గుర్రం నిలబడే ఉంది, జాకీ జారిపడ్డాడు. బి అంటే దాని తప్పేమీ లేదు, ముందు పడ్డ గుర్రం తగిలి ఇదీ పడింది. పి అంటే అలసిపోయిందనో, ఏదో తేడాగా ఉందనో జాకీయే మధ్యలో ఆపేశాడు. ఆర్ అంటే దూకనని మొండికేసింది. 1967లో ఎయిన్‌ట్రీలో జరిగిన గ్రాండ్ నేషనల్ రేసులో 23వ కంచె దగ్గర జాకీ లేని గుర్రం ఒకటి అడ్డంగా తిరిగితే మందంతా కుప్పపడింది. ఎక్కడో వెనక వస్తున్న ఫోయినావన్ పక్కనుంచి సందు చూసుకుని దూకి, 100కు 1 ధరతో గెలిచింది. ఆ రోజు మిగతా గుర్రాల పేరు పక్కన పడ్డ అక్షరాలు చూసి వాటికి దూకడం రాదని రాస్తే ఎంత అన్యాయం! ఇంకొకటి, ఎఫ్ మీద జోకులు వద్దు. కంచె దగ్గర పడి లేవలేని గుర్రం చుట్టూ తెరలు అడ్డంగా పెట్టారంటే వాటి వెనక ఏం జరుగుతోందో స్టాండ్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఆ గుర్రాన్ని రోజూ కడిగి మేత వేసే పిల్లకు కూడా.

బరువుల సంగతి అసలు ముట్టుకోలేదు నువ్వు. 23 పౌండ్ల తేడా అని రాస్తే మనవాళ్లకు ఏమీ తట్టదు. 10 కిలోల బియ్యం సంచి, పైన ఇంకాస్త అను. 1973 గ్రాండ్ నేషనల్‌లో క్రిస్ప్ 12 స్టోన్లు (76 కిలోలు) మోస్తూ, రెడ్ రమ్ కంటే ఒక బియ్యం సంచి ఎక్కువ మోస్తూ, నాలుగు మైళ్లకు పైగా, 30 కంచెలు దూకి, ఆఖరికి ముప్పాతిక లెంగ్తు తేడాతో ఓడింది. ఆ పాత వీడియోలో చివరి కంచె దాటాక క్రిస్ప్ కాళ్లు చూడు. పెళ్లిలో అర్ధరాత్రి దాకా వడ్డించిన మనిషి నడకలా ఉంటుంది.

‘ఎంత చదివినా నార్టన్స్ కాయిన్ లాంటిది వచ్చి గెలుస్తుంది కదా, మరి కారణాలెందుకు’ అని అడిగావు. 1990లో అది 100కు 1 ధరతో గోల్డ్ కప్ గెలిచింది, నిజమే. దాన్ని తయారుచేసినాయన వేల్స్‌లో పాడి రైతు, గుర్రాలు ఆయనకు పక్క పని. అలాంటిది తప్పిపోతే సిగ్గుపడక్కర్లేదు. మర్నాడు ‘నేను ఫలానా కారణంతో ఫలానా గుర్రం అన్నాను, ఇదిగో ఇక్కడ తప్పాను’ అని రెండు వాక్యాలు రాసెయ్. నాలుగు పేర్లు రాసినవాడు ఆ రెండు వాక్యాలు ఎప్పటికీ రాయలేడు. వాడు ఏ కారణమూ చెప్పలేదు కాబట్టి తప్పిందెక్కడో వాడికే తెలియదు.

2011లో మా అమ్మాయి బ్రిస్టల్‌లో ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్లాను చెల్టెన్‌హామ్. కౌటో స్టార్ మీద అభిమానంతో పదకొండేళ్ల గుర్రానికి ఓటేశాను. గోల్డ్ కప్ లాంగ్ రన్ గెలిచింది, డెన్‌మన్ రెండు, నాది మూడు. అభిమానం కూడా కారణమేనని ఆ రోజు అనుకున్నాను, మర్నాడు కాదనుకున్నాను. నేను స్టాండ్‌లో వెనక వరసలో, చలికి చేతులు జేబులో పెట్టుకుని ఉన్నాను. కంచె దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన కూడా రాలేదు.

నువ్వు వెళ్లావు. నాలుగో పేజీ అడుగున, ఎవరూ చూడరన్నట్టు ఒక వాక్యం పెట్టావు: ‘గుర్రాలు కనపడకముందే కాళ్ల కింద నేల అదిరింది, తర్వాత బర్చ్ రెబ్బలు విరుగుతున్న చప్పుడు వినిపించింది, గుర్రాలు కనిపించింది ఆ తర్వాతే.’ దాని చుట్టూ పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. ఆ పదకొండింటికే అయితే పోస్టుకార్డు చాలు.

నువ్వు అడిగినవాటిలో ఇంకా రెండు మూడు ఉన్నాయి, జీతం గురించీ, అక్కడి పత్రికల గురించీ. తర్వాత చూద్దాం.

ఏప్రిల్ 5న ఎయిన్‌ట్రీలో గ్రాండ్ నేషనల్. 34 గుర్రాలు. నువ్వు ఒకే పేరు, ఒకే పేజీ రాసి పంపు. నా పేరు ఇప్పుడే చెప్పను. శుక్రవారం రాత్రి అక్కడ వాన పడిందో లేదో కనుక్కుని ఫోన్ చెయ్యి, అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు