నెలసరి ఆగిన ఎనిమిదేళ్లకు మళ్లీ బ్లీడింగ్: క్యాన్సర్ ప్యాకేజీ టెస్టులు చేయిస్తే చాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. నా వయసు 44. ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. మా మేనత్త రొమ్ము క్యాన్సర్‌తో 52 ఏళ్లకే చనిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ట్యూమర్ మార్కర్లతో కలిపి ఫుల్ బాడీ ప్యాకేజీ ఆఫర్లో చేస్తామని ఒక ల్యాబ్ వాళ్లు అంటున్నారు. నేను, నా భార్య (40), అమ్మ (60) ముగ్గురం చేయించుకోవచ్చా? ఏ ప్యాకేజీ మంచిది? క్యాన్సర్ వంశపారంపర్యంగా వస్తుందా? అమ్మకు షుగర్ ఉంది, కాస్త లావు. నెలసరి ఆగి ఎనిమిదేళ్లయింది. ఈ మధ్య రెండు మూడుసార్లు కొంచెం రక్తం కనిపిస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ గోలీలు ఇచ్చాడు, తగ్గింది. నాకు చాలా ఏళ్ల నుంచి జర్దా, వక్క అలవాటు. కారం తింటే నోరు మండుతోంది, ఎడమ బుగ్గ లోపల తెల్లగా ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన బీకాంప్లెక్స్, జెల్ వాడుతున్నాను. మా పాపకు 12 ఏళ్లు.
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ప్యాకేజీ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ అమ్మగారిని ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించండి. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా పరీక్ష చేయించాల్సిందే. బట్టకు లేత గులాబీ మరక అంటినా, గోధుమ రంగులో కనిపించినా అది లెక్కలోకే వస్తుంది. ‘కొంచెమే కదా, ఆగిపోయింది కదా’ అని వదిలేయకూడదు.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఇలా వచ్చే ఆడవాళ్లలో ఎక్కువ మందికి క్యాన్సర్ ఉండదు. హార్మోన్లు తగ్గి లోపలి పొర పలచబడటమో, చిన్న పాలిప్పో (పొర మీద పెరిగే చిన్న కండ), ఇన్‌ఫెక్షనో ఉంటుంది. దాదాపు పది మందిలో ఒకరికి గర్భాశయం లోపలి పొర క్యాన్సర్ బయటపడుతుంది. ఆ ఒక్కరు ఎవరన్నది పరీక్ష చేయకుండా నేనూ చెప్పలేను, మీ ఆర్‌ఎంపీ కూడా చెప్పలేడు. పైగా షుగర్, అధిక బరువు రెండూ ఈ క్యాన్సర్ ముప్పును పెంచేవే. నెలసరి ఆగాక ఒంట్లోని కొవ్వు నుంచే ఈస్ట్రోజెన్ తయారవుతూ ఉంటుంది. బరువు ఎక్కువైతే అదీ ఎక్కువై గర్భాశయం లోపలి పొర మందంగా పెరుగుతుంది. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌లోనూ ఇలాగే రక్తం కనిపించవచ్చు కాబట్టి రెండూ చూడాలి.

డాక్టర్ లోపల పరికరం పెట్టి చూస్తారు, ముఖద్వారం దగ్గర పాప్ స్మియర్ (కణాల పరీక్ష) గానీ, ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ కోసం శాంపిల్ గానీ తీస్తారు. తర్వాత ట్రాన్స్‌వజైనల్ స్కాన్‌లో (యోని మార్గంలో చేసే స్కాన్) పొర మందం కొలుస్తారు. అది 4 మిల్లీమీటర్లు దాటితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మీ అమ్మగారికి ఒకసారి కాదు, రెండు మూడుసార్లు కనిపించింది. అందుకని స్కాన్ రిపోర్టు బాగానే వచ్చినా బయాప్సీ చేద్దామని డాక్టర్ అనవచ్చు. వద్దనకండి.

ఇక ఆ గోలీలు. అవి ఏమిటో మీరు రాయలేదు. మామూలుగా ఇలాంటప్పుడు ఇచ్చేవి రక్తం గడ్డకట్టించే మందో, హార్మోన్ మందో అయి ఉంటాయి. ఏదైనా రక్తాన్ని ఆపుతుంది తప్ప లోపల ఏముందో దాని జోలికి పోదు. మా ఓపీలో తరచూ చూస్తుంటాను. పెద్దావిడ చేతిసంచిలోంచి నాలుగైదు గోలీల స్ట్రిప్పులు తీసి టేబుల్ మీద పెడుతుంది. షాపులో రెండు రెండు కత్తిరించి ఇచ్చినవి, పేరున్న ముక్క ఎప్పుడో పోయి ఉంటుంది. ఏ మందు వాడిందో ఆమెకు తెలియదు, చెప్పేవాళ్లూ ఉండరు. ‘ఎప్పటి నుంచి కనిపిస్తోందమ్మా’ అంటే ముందు ‘మొన్నటి నుంచే’ అంటుంది. పక్కనున్న కోడలు నెమ్మదిగా ‘పోయిన బతుకమ్మ పండుగప్పటి నుంచి సార్’ అని చెబుతుంది. రక్తం ఆగినప్పుడల్లా తగ్గిందనుకున్నారు, కనిపించినప్పుడల్లా మళ్లీ అవే గోలీలు తెచ్చుకున్నారు. పత్తి ఏరడం అయ్యాక చూద్దాం, మనవరాలి పెళ్లి అయ్యాక చూద్దాం అనుకుంటూ నెలలు గడిచిపోయాయి. ఈ క్యాన్సర్ గర్భాశయం దాటకముందే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. దాటిపోయాక ఆపరేషన్‌తో పాటు రేడియేషన్, కీమో కూడా అవసరం పడవచ్చు, ఫలితం మీదా అంత నమ్మకంగా చెప్పలేం. అందుకే నాకు బాధ. మా ఇంట్లోని మనిషికి చెప్పినట్టే చెప్తున్నాను, ఆ గోలీలు మళ్లీ తేకండి.

ఇప్పుడు మీ నోరు. చేతులు కడుక్కుని అద్దం ముందు నిలబడి నోరు పూర్తిగా తెరవండి. మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు మూడూ కలిపి పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నిలువుగా పట్టాలి. రెండే పడుతున్నాయంటే బుగ్గ లోపలి కండ బిగుసుకుపోతోందని అనుమానించాలి. వక్క నమిలేవాళ్లలో వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఇలాగే కారం మంటతో మొదలవుతుంది. అది క్యాన్సర్ కాదు గానీ క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న జబ్బు. బుగ్గలో రుద్దినా పోని తెల్ల మచ్చ కూడా అంతే. ఎర్ర మచ్చ అయితే ఇంకా తొందరపడాలి. నోట్లో పుండు గానీ మచ్చ గానీ రెండు వారాల్లో పోకపోతే ఎవరైనా సరే డాక్టర్‌కు చూపించుకోవాలంటాను. మీరు జెల్ ఎన్ని వారాల నుంచి రాస్తున్నారో రాయలేదు, రెండు వారాలు ఎప్పుడో దాటి ఉంటుందని నా అనుమానం. జెల్ మంటను తగ్గిస్తుంది, దాంతో మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా పడుతుంది. ఫోటో పంపినా చూసి చెప్పలేను, వేలితో తడిమి చూడాలి. ఈఎన్‌టీ డాక్టర్‌కో, దంత వైద్యుడికో చూపించుకోండి.

జర్దా మానేసి ఉత్త వక్క నములుతున్నామని కొందరు ధైర్యంగా చెబుతుంటారు. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. రెండూ మానాలి. మద్యం అలవాటు కూడా ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. మీరు దాని గురించి రాయలేదు, ఉంటే డాక్టర్‌కు దాచకండి. మానడం కష్టంగా ఉంటే 1800-11-2356 టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేయండి. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసమే అది ఉంది.

ప్యాకేజీ విషయానికొస్తే, డబ్బులు దండగ చేసుకోవద్దనే నా సలహా. సీఈఏ, సీఏ-125 లాంటి ట్యూమర్ మార్కర్లు (రక్తంలో కొలిచే పదార్థాలు) ప్రధానంగా క్యాన్సర్ తేలిన వాళ్లలో చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి వాడతాం. ఏ లక్షణమూ లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి అవి పనికిరావు. పొగతాగేవాళ్లలో సీఈఏ ఊరికే పెరుగుతుంది. సీఏ-125 నెలసరి రోజుల్లోనూ, గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నా, పొట్టలో టీబీ ఉన్నా పెరగవచ్చు. అదే సమయంలో మొదటి దశ క్యాన్సర్ ఉన్నవాళ్లకు రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. నాకు భయం ఇక్కడే. మీ అమ్మగారి రిపోర్టు నార్మల్ వచ్చిందనుకోండి, ఇక ఆమెను గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తారా? ఆ రక్త పరీక్షల్లో ఏదీ మీ బుగ్గ లోపలికి తొంగిచూడదు, ఆమె గర్భాశయాన్నీ చూడదు.

స్క్రీనింగ్ అనేది ఏ ఇబ్బందీ లేనివాళ్లకు. మీ ఇంట్లో ఆ లెక్కన స్క్రీనింగ్ కావాల్సింది మీ భార్యకు. 30 దాటిన వాళ్లందరికీ నోరు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఐదేళ్లకోసారి చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మీ పీహెచ్‌సీలో గానీ ఆశా కార్యకర్తను గానీ అడగండి. స్తోమత ఉంటే ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ టెస్టు మరీ మంచిది. ఆమెకు 40 కాబట్టి మామోగ్రామ్ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌తో మాట్లాడండి. రెండేళ్లకోసారి అన్నది ఎక్కువ మంది పాటించే పద్ధతి. ఈలోపు గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్టున్నా స్క్రీనింగ్ తేదీ కోసం ఆగకూడదు. పాపకు 12 ఏళ్లంటే హెచ్‌పీవీ టీకాకు సరైన వయసు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది. ముఖద్వారం క్యాన్సర్లలో దాదాపు 70 శాతం హెచ్‌పీవీ 16, 18 రకాల వల్ల వచ్చేవే, టీకా ఆ రెండింటినీ అడ్డుకుంటుంది. పెద్దయ్యాక ఆమెకూ స్క్రీనింగ్ అవసరమే.

వంశపారంపర్యం గురించి ఒక్క మాట. మొత్తం క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతమే వంశంలో వచ్చే జన్యులోపం వల్ల వస్తాయి. మేనత్త మీ నాన్నగారి తోబుట్టువు. మేనరికం పెళ్లి కాకపోతే అమ్మగారికి ఆమెతో రక్తసంబంధం లేదు. అయితే నాన్న వైపు బంధువులను లెక్కలోకి తీసుకోనక్కర్లేదని అనుకోకండి. ఆ వైపు నుంచి కూడా లోపం మీకూ, మీ ద్వారా పాపకూ రావచ్చు. మేనత్తకు ఏ వయసులో జబ్బు తేలింది, నాన్నగారి వైపు ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిందా అని ఇంట్లో కనుక్కుని డాక్టర్‌కు చెప్పండి. జన్యు పరీక్ష కావాలో వద్దో అప్పుడు తేలుతుంది.

కత్తి తగిలితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అనుమానించిన చోట ముక్క తీసి చూస్తేనే జబ్బు ఏదో, చికిత్స ఏదో తెలుస్తుంది. ఖర్చుకు భయపడాల్సిన పని లేదు. అమ్మగారిని హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో గానీ వరంగల్ సీకేఎం ఆస్పత్రిలో గానీ చూపించవచ్చు, మీరు ఎంజీఎం ఆస్పత్రి ఈఎన్‌టీ ఓపీలో చూపించుకోవచ్చు. ఒకవేళ క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పంపవచ్చు, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

నేను మీ ఇద్దరినీ చూడలేదు. మీరు రాసిన దాన్ని బట్టి చెప్పిన సలహా ఇది, చూసిన డాక్టర్ మాటే ఆఖరు. అమ్మగారితో మీ భార్యను పంపండి, కొడుకు ముందు ఈ విషయాలు చెప్పడానికి చాలామంది తల్లులు మొహమాటపడతారు. షుగర్ మందులు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ చీటీ, ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీల స్ట్రిప్పు మిగిలుంటే అదీ వెంట తీసుకెళ్లమనండి. ఈలోపు గంటకో ప్యాడ్ తడిసేలా రక్తం పోయినా, కళ్లు తిరిగినా ఓపీ టైం కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.