లాయర్ అయ్యి, ఎమ్మెల్యే అయ్యి, తర్వాత జడ్జి అవ్వొచ్చా?

ఒక అమ్మ అడిగిన ప్రశ్న: మా పాప ఇంటర్ సెకండ్ ఇయర్, లా చదివి లాయర్ అవుతా, ఎమ్మెల్యేగా నిలబడతా, ఆ తర్వాత జడ్జి అవుతా అంటోంది, వాళ్ళ నాన్నేమో రాజకీయాల్లో తిరిగినోళ్ళని జడ్జిని ఎవరు చేస్తారు అని కొట్టిపారేస్తున్నారు, నిజంగా కుదురుతుందా సార్?

కుదురుతుందమ్మా, కుదిరిన మనిషి ఉన్నారు కూడా. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గారి గురించి పాపకి చెప్పండి, వాళ్ళ నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టి మరీ చెప్పండి. ఆయన 1938లో మలబార్‌లోని (ఇప్పుడు కేరళ, అప్పుడు మద్రాసులో భాగం) తలశ్శేరిలో ప్రాక్టీస్ పెట్టారు, కౌలు రైతులు, కార్మికుల కేసులు ఎక్కువ చూసేవారు, కమ్యూనిస్టులకి లాయర్‌గా సాయం చేశారని 1948లో ఆయన్నే దాదాపు నెల రోజులు జైల్లో పెట్టారు. 1952లో ఇండిపెండెంట్‌గా మద్రాసు అసెంబ్లీకి గెలిచారు (ఆంధ్ర ఇంకా విడిపోలేదు, మన జిల్లాల ఎమ్మెల్యేలు కూడా అదే సభలో ఉండేవాళ్ళు), 1957లో కేరళ అసెంబ్లీకి గెలిచి ముఖ్యమంత్రి నంబూద్రిపాద్ గారి కమ్యూనిస్టు ప్రభుత్వంలో మంత్రి అయ్యారు, హోం, న్యాయం, జైళ్ళు, కరెంటు, ఇరిగేషన్ అన్నీ ఆయన దగ్గరే. 1959లో కేంద్రం ఆ ప్రభుత్వాన్ని తీసేసింది. 1960లో ఏడే ఏడు ఓట్లతో ఓడి, ఎలక్షన్ పిటిషన్ వేసి సీటు తెచ్చుకున్నారు, 1965లో మళ్ళీ ఓడారు, ఓడాక కోర్టుకే వెళ్ళారు. 1968లో కేరళ హైకోర్టు జడ్జి, 1973లో సుప్రీం కోర్టు, 1980లో రిటైర్మెంట్.

పాపతో ముఖ్యంగా చెప్పాల్సింది 1938కీ 1952కీ మధ్య ఉన్న ఆ 14 ఏళ్ళ గురించి. చాలామంది పిల్లలు ఎమ్మెల్యే, జడ్జి అన్న రెండు మాటలే పట్టుకుంటారు, కింద కోర్టులో ఆ ప్రాక్టీస్ లేకపోతే ఓడినప్పుడు ఆయనకి తిరిగి వెళ్ళడానికి చోటే ఉండేది కాదు, జడ్జిగా ఆయన పేరు పరిశీలనకి వచ్చేదే కాదు.

మంత్రిగా చేసింది వృథా పోలేదు కూడా. తీహార్ జైల్లో సునీల్ బాత్రా అనే ఖైదీ, పక్క ఖైదీని వార్డర్ (జైలు కాపలా ఉద్యోగి) డబ్బుల కోసం హింసించాడని సుప్రీం కోర్టుకి ఉత్తరం రాశాడు. వకాలతు లేదు, ఫీజు లేదు, ఉత్తరమే. దాన్నే పిటిషన్‌గా తీసుకుని విచారించారు, 1979లో ఆ తీర్పు రాసింది కృష్ణయ్యర్ గారే. ఒకప్పుడు లోపల ఉండి, తర్వాత జైళ్ళ మంత్రిగా చేసిన మనిషికి ఆ ఉత్తరం వెనక ఏముందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

ఇక రూల్స్. హైకోర్టు జడ్జి పోస్టుకి పరీక్షా లేదు, అప్లికేషనూ లేదు, అడ్వొకేట్‌గా కనీసం 10 ఏళ్ళు ఉండాలి, కొలీజియం (సీనియర్ జడ్జిల బృందం) పేరు పంపాలి. రాజకీయాల్లో ఉన్నారన్న ఒక్క కారణంతో అనర్హులు కారు, 2023లో మద్రాసు హైకోర్టు నియామకం ఒకదాని మీద కేసు వేస్తే, రాజకీయ నేపథ్యం ఒక్కటే అడ్డు కాదని చెప్పి సుప్రీం కోర్టు కొట్టేసింది. అయితే వాళ్ళ నాన్న భయం ఊరికే కాదు, పార్టీ జెండా పట్టుకున్న వాళ్ళ పేరు వస్తే ఇప్పటికీ గట్టిగానే గొడవ అవుతుంది. ఎమ్మెల్యేగా ఉంటూ ప్రాక్టీస్ చేసుకోవచ్చని 2018లోనే సుప్రీం కోర్టు చెప్పింది, జడ్జి అయితే మాత్రం సీటు వదిలెయ్యాలి. పరీక్ష రాసి సివిల్ జడ్జి అయ్యే దారి వేరు, దానికి 2025 తీర్పు తర్వాత మూడేళ్ళ ప్రాక్టీస్ తప్పనిసరి, ఆ ఉద్యోగంలో ఉండగా రాజకీయం కుదరదు. పాపకి రెండూ కావాలంటే బార్ నుంచి, అంటే లాయర్‌గా ఉంటూ హైకోర్టుకి వెళ్ళే దారే నయం.

ఇప్పటికి లా ఎంట్రన్సులు క్లాట్ (జాతీయ స్థాయి), లాసెట్ (రాష్ట్ర స్థాయి) రెండూ రాయించండి. క్లాట్‌లో మంచి ర్యాంక్ వస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ ఉన్నాయి, రాకపోతే లాసెట్‌తో ఐదేళ్ళ కోర్సులో చేరినా కంగారేమీ లేదు. పార్టీ ఆఫీసుల వైపు ఇప్పుడే పంపకండి, అది ప్రాక్టీస్ నిలబడ్డాక. అన్నట్టు పరీక్షలు అయ్యాక, కోర్టుకి వేసవి సెలవులు ఇవ్వకముందే మీ జిల్లా కోర్టుకి ఒక పూట తీసుకెళ్ళండి, హాల్లో వెనక కూర్చుని వినొచ్చు, వాయిదా మీద వాయిదా పడటం కళ్ళారా చూశాక కూడా లా నే అంటే వాళ్ళ నాన్నతో నేను మాట్లాడతాను.