మాస్టర్ ప్లాన్ సభలో మా పెద్దమ్మ వెతికిన మురుగు కాలువ

"మా మండలానికి ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చింది. వచ్చే మంగళవారం ప్రజాభిప్రాయ సేకరణ సభ అంటున్నారు. వెళ్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా, లేక అంతా ముందే ఖరారు చేసేసుకుని ఉంటారా?" అని మీరు అడిగారు.

వెళ్ళండి. పని మానుకుని అయినా వెళ్ళండి. ముందే ఖరారు చేసుకుంటారన్న మాటలో కొంత నిజం ఉంది. అయితే ఖరారు చేసినవాళ్ళకు మీ ఊరి నేల తెలియదన్నది అంతకన్నా పెద్ద నిజం. ఇది నేను కళ్ళారా చూశాను.

మాది కోస్తాలో వరి పండే ఊరు. పక్క పట్నం పెరిగి పెరిగి మా పొలిమేర దాకా వచ్చింది. కొన్నేళ్ళ కిందట మా ఊరితో పాటు చుట్టుపక్కల గ్రామాలన్నిటినీ ఒక అభివృద్ధి సంస్థ కిందకు తెచ్చి, ఏ నేల దేనికి వాడాలో, రోడ్లు ఎటు పోవాలో చెప్పే ఇలాంటి ప్లానే వేశారు. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. సభ ఎప్పుడు పెట్టారో చూడండి: జులై చివర్లో, నాట్లు జోరుగా పడే రోజుల్లో, బుధవారం పొద్దున పదకొండింటికి, మాకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న కల్యాణ మండపంలో. ఊళ్ళో సగం మంది బురదలో ఉండే వేళ అది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొలాల సంగతి పొలం చేసేవాళ్ళను అడగాలని నిజంగా ఉంటే, సాయంత్రం ఆరింటికి ఊళ్ళోకే వచ్చి రచ్చబండ దగ్గర కూర్చోవాలి. కుర్చీలు కూడా మేమే వేస్తాం.

సరే, ట్రాక్టరు మాట్లాడుకుని ముప్ఫై మందిమి వెళ్ళాం. మొదటి గంట శాలువాలకు, పూలగుత్తులకు, వేదిక మీదున్న పెద్దల ప్రసంగాలకు పోయింది. తర్వాత తెర మీద బొమ్మలు వేసి వివరించారు, చాలావరకు ఇంగ్లీషులో. గోడకు మాత్రం పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పసుపు రంగు నివాసాలకు, ఊదా పరిశ్రమలకు, ఎరుపు బడులు, ఆఫీసుల లాంటివాటికి, ఆకుపచ్చ సాగుకు. ఏ రంగు దేనికో మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. సర్వే నంబర్లు లేవు. మా చిన్నాన్న కళ్ళజోడు తుడుచుకుని పావుగంట వెతికినా ఆయన ఎకరం ఎనభై సెంట్లు ఏ రంగులో పడిందో తేలలేదు.

తేలదు కూడా. ఇలాంటి ప్లాన్లు వేసే ప్రాంతాలు చిన్నవి కావు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధే చాలా ఏళ్ళపాటు 7,257 చదరపు కిలోమీటర్లు. అంత నేలను 1:50,000 స్కేలులో గీస్తే ఎకరం చేను ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. అంటే దాదాపు గీత మందం. రైతుకు ఉన్నదే ఎకరం, ఎకరంన్నర. గీత ఇటు పడిందా అటు పడిందా అన్నదాని మీద ఆ ఇంటి బతుకు ఆధారపడి ఉంటుంది. మ్యాపును వెబ్‌సైట్‌లో పెట్టామన్నారు. ఆ ఫైలు మా వాళ్ళ ఫోన్లలో తెరుచుకోలేదు.

అప్పుడు మా పెద్దమ్మ లేచింది. ఆమె నాట్ల ముఠాకు మేస్త్రి. నలభై ఏళ్ళుగా ఆ ఊరి ప్రతి మడిలో దిగిన మనిషి. ఆమె మైకు దగ్గరకు పోలేదు. నేరుగా ఫ్లెక్సీ దగ్గరకు వెళ్ళి, చెరువు గుర్తుపట్టి, చెరువు మీద వేలు పెట్టి మెల్లగా కిందకు జరుపుతూ, "బాబూ, ఇందులో మా మురుగు కాలవ ఏదీ?" అని అడిగింది.

వేదిక మీద ఎవరూ పలకలేదు. పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఒక కుర్ర ప్లానరు లేచి కిందకు వచ్చాడు. "ఏ కాలువమ్మా?" అన్నాడు. చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు, ఎగువ చేల మురుగు కలిసి ఏట్లోకి పోయే కాలువ అది. ఎండాకాలం అందులో చుక్క ఉండదు. గట్లు కూడా తెలియవు, మేకలు మేస్తుంటాయి. ఆ అబ్బాయి తన దగ్గరున్న ఉపగ్రహ చిత్రం తీసి చూపించాడు. ఏప్రిల్ నెలలో తీసింది. అందులో అది ఖాళీ నేలే. ఖాళీగా ఉంది కదా అని దాని పొడవునా వంద అడుగుల రోడ్డు గీశారు. దాని పక్క పల్లపు చేలకు పసుపు రంగు వేశారు.

"నీళ్ళు ఎప్పుడు వస్తాయమ్మా?" అని అడిగాడు. "శ్రావణం నుంచి కార్తీకం దాకా. తుపాను పడితే నడుం లోతు. ఇక్కడ రోడ్డు పోస్తే ఈ నీళ్ళన్నీ మా మాలపల్లి ఇళ్ళల్లోకి వస్తాయి" అంది. ఆ అబ్బాయి జేబులోంచి పెన్ను తీసి తన కాగితం మీద ఆమె చెప్పినట్టే వంకర గీత గీసుకున్నాడు. "ఇక్కడ కొంచెం తూర్పుకి తిరుగుద్ది" అని ఆమె దిద్దింది కూడా. తర్వాత అతను గొంతు తగ్గించి, "నేను విన్నానంటే సరిపోదమ్మా. రాసివ్వండి. సర్వే నంబర్లు వేసి, ఎవరి పేరున వాళ్ళు ఇవ్వండి. ఫైల్లో కాగితం ఉంటేనే అది అభ్యంతరం అవుతుంది" అన్నాడు.

ఆ సభలో మాకు దక్కిన అసలైన మాట అదొక్కటే. ఆ రోజు మైకులో నలభై మంది మాట్లాడి ఉంటారు. కొందరు చాలా బాగా మాట్లాడారు, చప్పట్లు కూడా పడ్డాయి. అందులో కాగితం మీదికి వెళ్ళింది ఎంత?

ఇక్కడ మీకు ఒక తేడా చెప్పాలి. ఒక ఫ్యాక్టరీకో, గనికో పర్యావరణ అనుమతి కోసం పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లో పద్ధతి రాసి ఉంది. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేం చెప్పారో రాసుకున్నది జనానికి వాళ్ళ భాషలో చదివి వినిపించాలి. ఒక ఫ్యాక్టరీకే ఇంత ఉంటే, వందల ఊళ్ళ నేలను ఇరవై ఏళ్ళకు రంగులు వేసి పంచే ప్లానుకు ఇంతకన్నా ఎక్కువ ఉండాలా వద్దా? మాకు ఎవరూ ఏమీ చదివి వినిపించలేదు. ఉప్మా ప్యాకెట్లు ఇచ్చి పంపేశారు.

ఆ రాత్రే రామాలయం అరుగు మీద కూర్చున్నాం. వీఆర్వోను బతిమాలి విలేజ్ మ్యాపు, ఆ కాలువ పక్క సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ నకళ్ళు తెచ్చుకున్నాం. ఎఫ్‌ఎంబీ అంటే చేను హద్దులు, కొలతలు గీసిన పటం, తెలంగాణలో అయితే టిప్పన్ అంటారు. ఇంటర్ చదివే పిల్లలు రాయడం, పెద్దవాళ్ళు చెప్పడం. పాత విలేజ్ మ్యాపులో ఆ కాలువ స్పష్టంగా ఉంది, పోరంబోకుగా, అంటే ప్రభుత్వ నేలగా. అది చూసినప్పుడు అందరం కాసేపు మాట్లాడలేదు. ప్రభుత్వం దగ్గరే ఉన్న కాగితాన్ని ఇంకో ప్రభుత్వ ఆఫీసు చూడకుండా రోడ్డు గీసింది. ఆగస్టులో వాన పడ్డాక నీళ్ళు పారుతున్న కాలువకు ఫొటోలు తీశాం. పెద్దమ్మను పక్కన నిలబెట్టి లోతు తెలిసేలా తీశాం. మొత్తం యాభై రెండు అర్జీలు. ప్రతి దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకునే దాకా ఆఫీసు మెట్లు దిగలేదు.

కాలువ మీద రోడ్డు వేస్తే ఏమవుతుందో ఎవరికైనా అనుమానం ఉంటే 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడను గుర్తు తెచ్చుకోండి. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు జనం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నారు. నీటికి తన దారి జ్ఞాపకం ఉంటుంది, మనకే ఉండదు అని మా పెద్దమ్మ అప్పుడు టీవీ చూస్తూ అంది.

ఫలితం ఏమైందంటారా? తుది ప్లానులో రోడ్డు కాలువ మీదనుంచి లేచి, ఉన్న డొంక వైపుకు జరిగింది. అది మా గెలుపే, అందులో నాకు సందేహం లేదు. పల్లపు చేల మీద పసుపు రంగు మాత్రం అలాగే ఉంది. మా అర్జీలకు విడిగా జవాబు రాలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఒక పట్టిక ఇచ్చారు. అందులో మా యాభై రెండింటికీ ఎదురుగా "పరిశీలించబడినది" అని ఒకటే మాట. ఏది ఒప్పుకున్నారు, ఏది ఎందుకు కాదన్నారు అన్నది లేదు. అభిప్రాయం అడిగినవాళ్ళు కారణం చెప్పి తీరాలి. ఇది కోరడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

మార్పు రాదు అనేవాళ్ళకు కామారెడ్డి చూపించండి. 2022 చివర్లో అక్కడ ముసాయిదా ప్లానులో సాగుభూములను పరిశ్రమల జోన్‌లో పెట్టారు. 2023 జనవరిలో రైతులు కుటుంబాలతో కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిల్ దాన్ని వద్దని తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే జరిగింది. కానీ నాకు అందులో బాధ కూడా ఉంది. రోడ్డెక్కే దాకా రావాల్సిన పని ఏముంది? గీత గీయక ముందే ఆ ఊళ్ళలో తిరిగి అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకో మాట. మీ ఊళ్ళో ఈపాటికే "అగ్రి జోన్‌లో పడితే భూమి పోయినట్టే" అని ఎవరో ఒకరు ప్రచారం మొదలుపెట్టి ఉంటారు. 2015 డిసెంబరులో అమరావతి రాజధాని ప్రాంత ముసాయిదా ప్లాను వచ్చినప్పుడు కృష్ణా, గుంటూరు ఊళ్ళలో ఈ మాట మీదే పెద్ద అలజడి రేగింది. సాగు జోన్‌లో ఉంటే భూమి మీదే ఉంటుంది, సాగు మీరే చేసుకుంటారు. లేఅవుట్ మాత్రం వేయనివ్వరు. అందుకే రేటు దగ్గర పేచీ వస్తుంది. ఆ పేచీ న్యాయమైనదే. పక్క చేను పసుపై గజాల్లో అమ్ముడుపోతుంటే, మీ చేను పచ్చగా ఉండి ఎకరాల్లోనే ఉంటే, ఊరికి అన్నం పెట్టే భారం మీరొక్కరే ఎందుకు మోయాలి? ఈ ప్రశ్న సభలో గట్టిగా అడగండి. అసలు భయపడాల్సింది మీ చేలో గీసిన రోడ్డుకు. వంద అడుగుల రోడ్డు కిలోమీటరు పొడవున ఏడున్నర ఎకరాలు తింటుంది. రేపు అక్కడ ఇల్లు కట్టుకోవడానికి అనుమతికి వెళ్తే రోడ్డులో పోయే భాగాన్ని వదులుకోమంటారు.

మంగళవారం సభ అన్నారు కాబట్టి మీకు టైము తక్కువ. రేపే మీ గ్రామ సచివాలయానికి వెళ్ళి విలేజ్ మ్యాపు నకలు అడగండి. పాస్‌పుస్తకంలో మీ సర్వే నంబరు చూసుకుని, దాని చుట్టూ ఉన్న కాలువలు, డొంకలు, శ్మశానం, పశువుల బాట అన్నిటినీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఫ్లెక్సీ దగ్గర లాప్‌టాప్‌తో కూర్చున్న చిన్న ఉద్యోగి ఎవరో చూసి అతని దగ్గరకు వెళ్ళండి, వేదిక సంగతి తర్వాత. వెళ్ళేటప్పుడు మీ ఊళ్ళో నాట్లు వేసే ఆడవాళ్ళను ఇద్దరు ముగ్గురిని కూలి డబ్బులు మీరే ఇచ్చి అయినా తీసుకెళ్ళండి. నీళ్ళు ఎటు పోతాయో వాళ్ళకు తెలిసినట్టు మీకూ నాకూ తెలియదు.