128 ఎంబీ పంచాయితీ

హనుమకొండ నుంచి ఓ డిగ్రీ విద్యార్థి: "నా లాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ మెమరీ 128 ఎంబీ అనే చూపిస్తాంది. గేమ్ పెడితే ఆగుకుంట ఆగుకుంట నడుస్తాంది. వీడియో చూసి రిజిస్ట్రీల 2048 అని మార్చిన, ఏం ఫరక్ పడలే. గ్రాఫిక్స్ మెమరీ పెంచే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది గానీ యాంటీవైరస్ బంద్ చేయమంటాంది. చేయాల్నా సార్?"

వద్దు. ముందు ఆ ఫైలు తీసేయండి.

జగిత్యాల, పెద్దపల్లి నుంచి కూడా ఇదే ప్రశ్న. ఆ 128 ఎంబీ ముందుగా పక్కన పెట్టిన వాటా మాత్రమే. అవసరం పడితే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌లో సగం దాకా తీసుకుంటుంది. రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, మీరు రాసిన 2048 గేమ్‌కు చెప్పే అబద్ధం. మెమరీ చాలదని మొరాయించే గేమ్ దాంతో తెరుచుకోవచ్చు, వేగం మాత్రం పెరగదు.

అసలు ఇరుకు ర్యామ్ దారిలో ఉంది. 3200 వేగం డీడీఆర్4 (నాలుగో తరం) ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా కదులుతుంది. రెండుంటే 51.2. ఆ దారినే ప్రాసెసరూ గ్రాఫిక్సూ పంచుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర '1 ఆఫ్ 2' అని ఉంటే, అంటే ర్యామ్ గుచ్చే రెండు చోట్లలో ఒకటి ఖాళీగా ఉంటే, డబ్బు పెట్టాల్సింది అక్కడే. అదే తరం, అదే సైజు, అదే వేగం ర్యామ్ కొనండి. 8 జీబీకి జతగా 4 జీబీ వేస్తే 4+4 వరకే జంటగా పనిచేస్తాయి, మిగతా 4 ఒంటరిదే. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, బలవంతం చేయకండి.

రిజల్యూషన్ 1920×1080 నుంచి 1280×720కి దించితే గీయాల్సిన పిక్సెళ్లు రెండుంపావు రెట్లు తగ్గుతాయి. ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్ 'బెస్ట్ పెర్ఫార్మెన్స్' చేసి ఆడండి.

ఇక ఆ సాఫ్ట్‌వేర్ సంగతి. సాఫ్ట్‌వేర్‌తో ర్యామ్ చిప్పులు పుట్టవు. యాంటీవైరస్ ఆపమనే 'బూస్టర్లు', 'డ్రైవర్ అప్‌డేటర్ల'లో చాలావాటికి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లూ కుకీలూ ఎత్తుకెళ్లడమే పని. మీరు లాగిన్ అయ్యారని సైటుకు గుర్తుచేసే చిన్న ఫైలే కుకీ; అది చేతికి చిక్కితే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు. ఇంట్లో అదే లాప్‌టాప్‌లో నాన్న బ్యాంకు పని కూడా చూసుకుంటుంటే? ఇప్పటికే నడిపి ఉంటే వెంటనే నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కండి. తర్వాత విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డ్రైవర్ కావాలంటే లాప్‌టాప్ కంపెనీ సొంత సైటు చాలు.

టాస్క్ మేనేజర్‌లో 'రో ఆఫ్ చిప్స్' అని కనిపిస్తే మాత్రం ర్యామ్‌ను బోర్డుకే అతికించారని అర్థం. సన్నగా కనిపించాలని స్లాట్ తీసేసి, 8 జీబీతోనే జీవితాంతం నెట్టుకురమ్మనే ఈ లాప్‌టాప్‌ల మీద నాకు మహా కోపం. పెట్టె మీద ఆ మాట పెద్దక్షరాలతో రాయరు. కొనేముందు దుకాణంలో రెండే అడగండి: ఖాళీ స్లాట్ ఉందా, ఎంతవరకు పెంచుకోవచ్చు? జవాబు చెప్పలేకపోతే పక్క దుకాణానికి నడవండి.