టెక్ సందేహాలు: తిథి తెలియని ఫోను, ముసలి విజ్ఞాన సర్వస్వం

రెండు వారాల కిందట ఒక పాఠకుడు యూదుల చరిత్ర, సంస్కృతి గురించి ఉచితంగా చదువుకునే చోటు చెప్పమంటే 'సెఫారియా చూడండి' అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అది తొందరపాటని ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చెప్పాయి. సెఫారియా యూదుల మత గ్రంథాల భాండాగారం. తోరా, తాల్ముడ్, వాటి మీది వ్యాఖ్యలు అక్కడ దొరుకుతాయి. కాళిదాసు శ్లోకం కింద మల్లినాథుడు కనిపించినట్టు, తాల్ముడ్‌లో ఒక వాక్యాన్ని తాకితే పదకొండో శతాబ్దపు వ్యాఖ్యాత రాషి ఏమన్నాడో పక్కనే తెరుచుకుంటుంది. యాప్ ఉచితం, గ్రంథాలను ఫోనులోకి దించుకుంటే నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. కానీ ఊళ్లూ, మనుషులూ, తేదీలూ కావలసినవాళ్లు వేరే తలుపులు తట్టాలి. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వాటికే.

*ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో ఉన్న యూదు విజ్ఞాన సర్వస్వం చూసి జెరూసలేం మీద సెమినార్ పత్రం రాశాను. 'ఇంకా టర్కీ సుల్తానే ఏలుతున్నాడా అమ్మా?' అని మా మాస్టారు నవ్వారు. ఆ సైటు నకిలీదా? – ఒక విద్యార్థిని, గుంటూరు*

నకిలీది కాదమ్మా, ముసలిది. మీరు చూసిన జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా న్యూయార్క్‌లో 1901–1906 మధ్య 12 సంపుటాలుగా అచ్చయింది. కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టే ఉచితంగా దొరుకుతోంది. పేజీకి వేసిన రంగులు కొత్తవి, లోపలి అక్షరం పాతది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ సంపుటాలు వెలువడేనాటికి జెరూసలేం టర్కీ ఒట్టోమన్ సుల్తానుల ఏలుబడిలోనే ఉంది. నాజీలు యూదులను ఊచకోత కోసిన హోలోకాస్ట్ ఇంకా జరగలేదు. మృత సముద్రపు వ్రాతప్రతులు 1947 దాకా గుహల్లోనే ఉన్నాయి. ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది 1948లో. జనాభా లెక్కలూ, రాజకీయాలూ అక్కడి నుంచి తీసుకుంటే మాస్టారు నవ్వక మానరు. మధ్యయుగపు పండితుల జీవితాలకూ, పాత గ్రంథాల వివరాలకూ మాత్రం నేను ఇప్పటికీ ముందు దాన్నే తెరుస్తాను. ఆనాటి పండితుల శ్రద్ధ అలాంటిది.

వ్యాసం వయసు పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చివర ఇచ్చిన ఆధార గ్రంథాల్లో అన్నిటికన్నా కొత్తది ఏ ఏటిదో చూడండి. 1900 దగ్గరే ఆగిపోతే సంగతి తెలిసిపోయినట్టే. ఇదే వ్యాసాలను పేరు చెప్పకుండా ఎత్తి పెట్టుకున్న సైట్లు చాలా ఉన్నాయి, వాటికీ ఈ పరీక్షే పెట్టండి. కొత్త సమాచారానికి ఎన్‌సైక్లోపీడియా జుడైకా రెండో ముద్రణ ఉంది. 2007లో 22 సంపుటాలుగా వచ్చింది, చందా కట్టాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒకసారి అడగండి. అందులోని వ్యాసాలు చాలావరకు జ్యూయిష్ వర్చువల్ లైబ్రరీలో ఉచితంగా చదవవచ్చు. తూర్పు ఐరోపా యూదుల వరకైతే యీవో సంస్థ విజ్ఞాన సర్వస్వాన్ని మించింది లేదు, అదీ ఉచితమే.

మీది గుంటూరు కాబట్టి ఇంకొక మాట. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ సమాజం ఉంది. తాము ఇజ్రాయెలీయుల ఎఫ్రాయిమ్ గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. వాళ్లు యూదు ఆచారాలను బహిరంగంగా చేపట్టింది గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో. 1906 నాటి సంపుటంలో వాళ్ల కోసం ఎంత వెతికినా దొరకరు.

*ఇక్కడి మా పొరుగాయన తాతగారి ఇంటిపేరు మోస్కోవిట్జ్. ఆయన కోసం వంశవృక్షాల సైట్లో వెతికితే ఏమీ రాలేదు. రికార్డులు లేనట్టేనా? – ఒక పాఠకుడు, డాలస్*

అప్పుడే ఆ మాట అనకండి. మా ఇంట్లో లక్ష్మి ఒక్కరే. రేషన్ కార్డులో ఆవిడ పేరు ఎక్స్‌తో ఉంది, బ్యాంకు పుస్తకంలో కె, ఎస్, హెచ్ పెట్టి ఉంది. కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు. ఐరోపా నుంచి అమెరికా వెళ్లిన యూదుల పేర్లు ఇంతకన్నా ఎక్కువ అవస్థ పడ్డాయి. హీబ్రూ లిపిలో ఒకటి, పోలిష్‌లో ఒకటి, రష్యన్‌లో ఇంకొకటి, ఓడ దిగాక ఇంగ్లిషులో మరొకటి.

స్పెల్లింగును వదిలి ధ్వనిని పట్టుకునే సౌండెక్స్ అనే పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంటు వచ్చింది. పేరు మొదటి అక్షరాన్ని ఉంచి, మిగతా హల్లులకు అంకెలు ఇస్తుంది. అయితే అది డబ్ల్యూ అక్షరాన్ని లెక్కలోకే తీసుకోదు, వి అక్షరానికి మాత్రం 1 వేస్తుంది. దాంతో మోస్కోవిట్జ్‌ను డబ్ల్యూతో రాస్తే ఎం-232 అవుతుంది, వితో రాస్తే ఎం-213 అవుతుంది. పలికితే రెండూ ఒకటే! పోలిష్, జర్మన్ రాతలో డబ్ల్యూను 'వ' అనే పలుకుతారు మరి. ఈ బాధ పడలేక 1985లో రాండీ డైచ్, గ్యారీ మోకొటాఫ్ అనే ఇద్దరు వంశ పరిశోధకులు స్లావ్ పేర్లకూ, తూర్పు ఐరోపా యూదుల భాష యిద్దిష్ పేర్లకూ తగ్గట్టు ఆరంకెల పద్ధతి తయారు చేశారు. యూదుల వంశవృక్షాల సైటు జ్యూయిష్‌జెన్‌లో వెతికే పెట్టె పక్కన డైచ్-మోకొటాఫ్ పేరుతో కనిపించేది అదే. 'అచ్చంగా ఇదే స్పెల్లింగు' అన్న ఎంపిక తీసేసి దాన్ని పెట్టండి.

ఊరి పేరుకూ ఇదే తంటా. ఆస్ట్రియా పాలనలో లెంబెర్గ్, పోలండ్‌లో ల్వూవ్, రష్యన్‌లో ల్వోవ్, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వీవ్. నాలుగూ ఒకే ఊరు. తాతగారు పుట్టిన ఏడాది తెలిస్తే అప్పటి ఏలికలు ఏమని పిలిచేవారో చూసుకుని వెతకండి. ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ స్మారక సంస్థ 2004 నుంచి హోలోకాస్ట్ మృతుల పేర్లను ఆన్‌లైన్‌లో ఉంచుతోంది. అందులో సాక్ష్యపు పత్రాలు చాలావరకు బంధువులూ తెలిసినవాళ్లూ జ్ఞాపకం మీద నింపినవి. ఒకే మనిషికి రెండు మూడు పత్రాలు ఉండవచ్చు, వయసులు కలవకపోవచ్చు. అన్నీ దాచుకోండి, ఏదీ అప్పుడే కొట్టేయకండి.

*మంగళూరులో ఉండిన ఒక యూదు వర్తకుడికి వచ్చిన ఉత్తరం బొమ్మ నెట్‌లో దొరికింది. ఫోను కెమెరాతో అనువాదం చేయిస్తే అర్థం లేని మాటలు వచ్చాయి. యాప్ మార్చాలా? – ఒక ఉపాధ్యాయుడు, హైదరాబాద్*

మార్చినా ఉపయోగం లేదు. అది పన్నెండో శతాబ్దపు అబ్రహాం బెన్ యీజూ ఉత్తరమై ఉంటుంది. అందులో అక్షరాలు హీబ్రూవి, భాష అరబ్బీ. మనం వాట్సాప్‌లో 'నేను వస్తున్నాను' అని ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి, దాన్ని ఇంగ్లిషనుకుని అర్థం చెప్పమన్నట్టు! యాప్ లిపిని చూసి భాషను ఊహించుకుంటుంది, తర్వాత తోచింది చెబుతుంది. పైగా అది తొమ్మిది వందల ఏళ్ల కిందటి చేతిరాత.

ఇలాంటి కాగితాలు పాత కైరోలోని బెన్ ఎజ్రా యూదు ప్రార్థనా మందిరంలో గెనీజా అనే అటక లాంటి గదిలో వందల ఏళ్లు పడి ఉన్నాయి. దేవుడి పేరున్న కాగితాన్ని చెత్తలో పారేయకూడదని దాచేవారు. ఆ అలవాటులోనే అప్పుల చీటీలూ వ్యాపారపు ఉత్తరాలూ చేరిపోయాయి. 1897లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు దాదాపు 1,90,000 శకలాలను కేంబ్రిడ్జికి తరలించాడు. మీ బొమ్మ కింద 'టి-ఎస్' అని మొదలయ్యే సంఖ్య ఉందేమో చూడండి, టేలర్-షెక్టర్ సేకరణకు అది గుర్తు. ఆ సంఖ్యను ప్రిన్స్‌టన్ గెనీజా ప్రాజెక్టు సైటులో వేస్తే, పండితులు చదివి ఎత్తిరాసిన పాఠమూ, కొన్నిటికి ఇంగ్లిషు అనువాదమూ దొరుకుతాయి. అబద్ధపు అనువాదం పది సెకన్లలో వచ్చేస్తుంది, దీనికి పావుగంట పడుతుంది. మీరు ఉపాధ్యాయులు, ఏది ఎంచుకుంటారో నాకు తెలుసు.

*హీబ్రూ వాక్యాన్ని కాపీ చేస్తే అక్షరాలు తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై వస్తున్నాయి. – ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ*

ముందు పేరాను కుడి నుంచి ఎడమకు మార్చే బటన్ నొక్కండి. సగం కేసులు అక్కడే తీరుతాయి. తీరకపోతే ఆ ఫైలు యూనికోడ్ కన్నా ముందుది కావచ్చు. అప్పట్లో హీబ్రూను తెర మీద కనిపించే వరుసలోనే, అంటే తిరగేసి నిల్వ చేసేవారు. అను ఫాంట్లలో కూర్చిన తెలుగును వేరే చోట అతికిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అక్షరాల కింద చుక్కలు చెదిరితే తప్పు ఫాంటుది. మన గుడి, కొమ్ముల్లాగే అవి విడి గుర్తులు, నోటో హీబ్రూ లాంటిది వేస్తే సర్దుకుంటాయి.

*హైఫాలో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. ఆవిడ భర్త సంవత్సరీకం నా ఫోనులో ప్రతి ఏడూ మోగేలా పెట్టుకున్నాను. ఈసారి ఫోను మోగేసరికి ఆవిడ దీపం పెట్టడం అయిపోయి పది రోజులు దాటింది. చాలా సిగ్గేసింది. – ఒక సోదరి, సొంతూరు నిజామాబాద్ జిల్లా*

మీ తప్పేమీ లేదమ్మా. మన ఇళ్లలో తద్దినం తిథిని బట్టి పెడతారు కదా, ఇంగ్లిషు తేదీని బట్టి కాదు. వాళ్లదీ అదే పద్ధతి. యార్ట్‌సైట్ అంటారు, హీబ్రూ నెల, తేదీ చూసి జరుపుతారు. మీరు ఫోనుకు ఇంగ్లిషు తేదీ ఇచ్చారు.

హెబ్‌కాల్ అనే హీబ్రూ క్యాలెండర్ సైటులో యార్ట్‌సైట్ పేజీ తెరిచి, ఆయన పోయిన తేదీ ఇవ్వండి. పొద్దుగూకిన తర్వాత పోయారా అని అడుగుతుంది, దాన్ని దాటేయకండి. వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి రాత్రి పోయినవారికి మరునాటి తేదీ వర్తిస్తుంది. తర్వాత వచ్చే క్యాలెండర్ లింకును మీ ఫోనుకు కలుపుకుంటే రాబోయే సంవత్సరాల తేదీలన్నీ వచ్చి కూర్చుంటాయి. గుర్తుచేసే గంట మాత్రం ముందు రోజు మధ్యాహ్నానికి పెట్టండి. దీపం వెలిగించేది ముందు సాయంత్రమే.

ఇక అధికమాసం సంగతి. మనకు 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినట్టే వాళ్లకూ 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల ఎక్కువవుతుంది. మనకు సంక్రమణం లేని నెల ఏదైతే అది అధికం. వాళ్లకు ఎప్పుడూ అదార్ నెలే రెండవుతుంది. 2026 సెప్టెంబరులో మొదలయ్యే 5787వ సంవత్సరం అలాంటిదే. ఆయన పోయింది మామూలు సంవత్సరపు అదార్‌లో అయితే, అధికమాసం వచ్చిన ఏట మొదటి అదార్‌లో చేయాలా రెండో దానిలోనా అన్నది వాళ్ల ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. ఆ ఒక్కటీ సైటును కాక పెద్దావిడనే అడగండి.